నూరేళ్ళ దాకా తెరవని కాగితం

డబ్లిన్,
4 మార్చి 2002

ప్రియమైన విన్నీ అత్తకి,

బాగున్నావా అని అడగడం లేదు. బాగానే ఉండుంటావు. తొంభై రెండేళ్ళ వయసులో, వణుకు లేకుండా, ఒక్క కొట్టివేత లేకుండా పేజీన్నర ఉత్తరం రాయగలిగిన మనిషికి ఏం లోటు?

ఏ ఉత్తరమో నీకు తెలుసు. మొన్న శుక్రవారం పార్లమెంటు కమిటీ గుమాస్తా మా సంఘానికి ఒక కట్ట పంపాడు. 1926 జనాభా లెక్కల కాగితాలను నూరేళ్ళు నిండేదాకా ఆగకుండా ఇప్పుడే జనానికి చూపించాలని మేం పెట్టుకున్న అర్జీ మీద వచ్చిన అభ్యంతరాలవి. మొత్తం పదకొండు. పేర్లు నల్లసిరాతో కొట్టేసి, ఊళ్ళు మాత్రం ఉంచారు. తొమ్మిదోది క్లూన్‌బెగ్ నుంచి. సిరా పేరును దాచింది గానీ చేతిరాతను దాచలేదు. నలభై ఏళ్ళు పోస్టాఫీసులో రసీదులు రాసిన చెయ్యి, ఏటా నా పుట్టినరోజుకి కార్డు రాసే చెయ్యి, అది నేను పోల్చుకోలేననుకున్నావా?

"పక్కవాళ్ళ ఇళ్ళలోకి తొంగిచూడటం కొందరికి కాలక్షేపం అయిపోయింది" అని రాశావు. ఆ కొందరిలో మొదటిదాన్ని నేనే కదా. ఆరేళ్ళుగా ఈ సంఘానికి కార్యదర్శిని. పోయిన క్రిస్మస్‌కి సంతకాల కాగితాలు నీ వంటింటి బల్ల మీదే పరుచుకుని లెక్కపెట్టుకున్నాను. అప్పుడు నువ్వేమన్నావు? "ఇంకో ముక్క కేకు తినవే, ఎండిపోయిన కట్టెలా ఉన్నావు" అన్నావు. ఆ కేకు నా చేతికిస్తూనే మనసులో ఈ ఉత్తరం రాసుకుంటున్నావా?

మా సంఘంలో మాలకీ టూహీ అని ఒక పెద్దాయన ఉన్నాడు. ఎనభై ఒకటో ఏడు. అయిదేళ్ళప్పుడు తల్లి పోతే ఆయన్ని ఒక రైతు ఇంట్లో పెట్టారు, చెల్లెల్ని ఇంకెక్కడికో పంపేశారు. టూహీ అన్నది ఆ రైతు ఇంటిపేరు. తన అసలు ఇంటిపేరు ఆయనకి తెలియదు. చెల్లెలి పేరు మర్చిపోయాడు. కాలువ తూము పక్కన మూడో ఇల్లు అని మాత్రం గుర్తుంది. జనన రిజిస్టరులో వెతకాలంటే ముందు పేరు తెలియాలి. జనాభా లెక్కల కాగితాలైతే ఇళ్ళ వరసన ఉన్నాయి, ఇల్లు తెలిస్తే చాలు. "చెల్లెలి పేరు మర్చిపోయినవాణ్ణి, నాకంటే పనికిమాలిన అన్న ఎక్కడైనా ఉంటాడా?" అంటాడు, నవ్వుతూనే. ఆయన్ని 2026 దాకా ఆగమంటావా?

ఈ నెల ఇరవై ఒకటిన, గురువారం, కమిటీ ముందు మా వాదన. కార్యదర్శి సొంత మేనత్తే వద్దంటోందని అక్కడ ఎవరైనా పసిగడితే మా గతేమిటి? అక్టోబరులో నాన్న పోయాక ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళలో మిగిలింది నువ్వొక్కదానివే. నువ్వు నా పక్కన ఉంటావనుకున్నాను. ఎందుకు రాశావో చెప్పు.

నీ మేనకోడలు,
ఎత్నా


క్లూన్‌బెగ్,
7 మార్చి

ఎత్నాకి అత్త దీవెనలు.

పేర్లు కొట్టేశారన్నావు. కొట్టేసిన పేరునే నువ్వు చదివావు. నా అభ్యంతరం సరిగ్గా అదే.

నలభై ఏళ్ళు ఈ ఊరి ఉత్తరాలు నా చేతుల మీదుగా పోయాయి. ఎవరి కొడుకు లండన్ నుంచి రాస్తాడో, ఎవరివాడు రాయడో, ఏ ఆడపిల్లకి ఎవరి చేతిరాతతో కవర్లు వస్తాయో నాకు తెలుసు. కెటిల్ నా పక్కనే పొగలు కక్కుతూ ఉండేది. ఒక్క కవరు కూడా దాని ఆవిరి మీద పెట్టి జిగురు ఊడదీయలేదు. మీరేమో దేశం మొత్తం కవర్లు ఒక్కసారే విప్పుతామంటున్నారు, పైగా దానికి చరిత్ర అని పేరు పెట్టారు.

ఎవరికీ చూపించబోమని సర్కారు మాట ఇచ్చింది. ఇచ్చింది వాళ్ళు, తీసుకున్నది మేము. మధ్యలో నువ్వెవరివే? ఆ మాలకీ అనే ఆయన మీద నాకు జాలి లేక కాదు. మీ నాన్నని మాత్రం ఇందులోకి లాగకు.

నీ పేరు ఆ అర్జీలోంచి తీసేయించుకో. తీసేయించుకోకపోతే ఈస్టర్‌కి ఇక్కడికి రానక్కర్లేదు.

విన్నీ అత్త


డబ్లిన్,
11 మార్చి

అత్తా,

నాన్నని లాగకుండా ఈ సంగతి ఎలా మాట్లాడను? ఈ పని మొదలుపెట్టిందే ఆయన కోసం. నీకెప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

ఆరేళ్ళ కిందట, ఆయనకి మొదటిసారి గుండెపోటు వచ్చినప్పుడు, ఆసుపత్రి మంచం మీద పేపరు చదువుతూ అన్నాడు: "ఎత్నా, ఆ లెక్కలు తీసినప్పుడు నాకు రెండు నెలలే. మా నాన్న చేత్తో నా పేరు రాసిన మొదటి కాగితం అదే అయ్యుంటుంది. ఒక్కసారి చూడాలనుందే." మా నాన్న నన్ను జీవితంలో అడిగింది ఆ ఒక్కటే. అప్పట్నించి ఎన్ని గడపలు ఎక్కానో, ఎంతమంది గుమాస్తాల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డానో నాకే తెలుసు. ఆయన చూడకుండానే పోయాడు. కనీసం నేనైనా చూసి ఆయన సమాధి దగ్గర చెప్పొద్దామనుకుంటే, నువ్వు అడ్డం పడ్డావు.

ఆ ఇంటి కాగితంలో ఏముంటుందని నీ భయం? తాతయ్య బడిపంతులు. ఊరంతా ఆయన్ని మాస్టారూ అని టోపీ తీసి పలకరించేది. ఆయన, నాయనమ్మ, నువ్వు, చిన్నప్పుడే పోయిన ఇద్దరు పెదనాన్నలు, ఉయ్యాల్లో నాన్న. అంతకంటే మర్యాదస్తుల ఇల్లు ఆ చుట్టుపక్కల ఉందా?

ఇంకొకటి కూడా ఉంది, ఇన్నాళ్ళు మింగాను. నాన్న అంత్యక్రియల రోజు చర్చి ముందు వరసలో చివర నిలబడి వచ్చినవాళ్ళందరితో చెయ్యి కలిపావు. ఆ తర్వాత టీ కూడా తాగకుండా, నాతో ఒక్క మాట చెప్పకుండా ఎవరి కారో ఎక్కి వెళ్ళిపోయావు. ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. సొంత తమ్ముడు కదా అత్తా. ఆ రోజు నుంచి నీ మీద నాకు కోపంగానే ఉంది.

ఇంకా పది రోజులే ఉంది. నువ్వు కారణం చెప్పకపోతే, ఆ తొమ్మిదో ఉత్తరాన్ని కమిటీ ముందు ముక్కలు ముక్కలుగా చీల్చి చూపిస్తాను. అది ఎవరు రాశారన్నది కూడా చూసుకోను.

ఎత్నా


క్లూన్‌బెగ్,
16 మార్చి

ఎత్నా,

ఈ ఉత్తరం చదివేటప్పుడు తలుపు వేసుకో.

అది నా మొదటి అభ్యంతరం కాదు. నాలుగోది. మీ సంఘం అర్జీ పెట్టిన ప్రతిసారీ రాశాను. మొదటి మూడూ మీ నాన్న ఫింటన్ బతికుండగా రాసినవి. కాగితం చూడాలని ఉందని వాడు నాతోనూ అన్నాడు, ఇదే వంటింట్లో, గుడ్డు పెంకు వలుచుకుంటూ. "అందులో ఏముంటుందిరా, పేర్లూ వయసులే కదా" అన్నాను. వాడు బయటికి వెళ్ళగానే కూర్చుని కమిటీకి ఉత్తరం రాశాను.

ఫింటన్ నా తమ్ముడు కాదు. నేను కన్న కొడుకు.

అప్పుడు నాకు పదహారేళ్ళు. అతనెవరో అడగకు, ఆ సంగతి ఏ కాగితంలోనూ లేదు. బడి చర్చిది, దాని మీద పెత్తనం ఫాదర్‌ది. సంగతి బయటపడితే శనివారానికల్లా నాన్న ఉద్యోగం పోయేది, ఉద్యోగంతో పాటు ఇచ్చిన ఇల్లూ, తర్వాత నాన్న కొనుక్కున్న ఈ ఇల్లే, పోయేది. నన్ను కన్యాస్త్రీల దగ్గర పెట్టేవాళ్ళు, బిడ్డ ఎక్కడికి పోయేవాడో దేవుడికే తెలియాలి. అందుకని అమ్మ శాలువా కప్పుకుని నడుం పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. నాకు ఛాతీ జబ్బని ఊళ్ళో చెప్పి మేడగదిలో పెట్టారు. మంత్రసాని అమ్మకి చిన్నమ్మ కూతురు, ఆమె నోరు విప్పలేదు. చర్చి పుస్తకంలో తల్లి మా అమ్మ, తండ్రి మా నాన్న. జనన రిజిస్టరులోనూ అంతే. బాప్తిస్మం రోజున నన్ను వాడికి జ్ఞానతల్లిగా నిలబెట్టారు. నా బిడ్డని నా చేతుల్లో పెట్టి, వాడి తరఫున సైతానును వదిలేస్తున్నానని ఫాదర్ నా చేత చెప్పించాడు.

ఏప్రిల్‌లో జనాభా లెక్కల కాగితం పోలీసు తెచ్చాడు, అప్పట్లో ఆ పని వాళ్ళదే. నాన్న అతనికి టీ పోయించి అడిగాడు: "ఇది ఫాదర్‌కి చూపిస్తారా?"

"బిషప్ దిగొచ్చినా చూపించం మాస్టారూ. చూపిస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

సోమవారం పొద్దున్నే బడికి వెళ్ళేముందు నాన్న కలం తీసి కూర్చున్నాడు. ఫింటన్ పేరు దాకా వచ్చి ఆగిపోయాడు. ఇంటి యజమానికి ఏమవుతాడు అన్న గడి అది. అమ్మ ఆయన భుజం మీదుగా వంగి చూసింది.

"కొడుకు అని రాయండి. పుణ్యముంటుంది. ఎవరొచ్చి చూస్తారు?"

"ఎవరూ చూడరు కాబట్టే నిజం రాస్తున్నాను కాతరీన్. చర్చి పుస్తకంలో అబద్ధం రాయించాను. ఒక్క చోటయినా వీణ్ణి సరిగ్గా రాయనీ."

మనవడు అని రాశాడు. సిరా ఆరనిచ్చి, కాగితం నా వైపు తిప్పి, "చదువు" అన్నాడు. చదివాను. ఆ సంగతి మా నాన్న నాతో ఎత్తింది ఆ ఒక్కసారే. తిట్టలేదు, ఓదార్చనూ లేదు. పదింటికి పోలీసు వచ్చి పట్టుకుపోయాడు.

ఇప్పుడు అర్థమైందా? ఎవరూ చూడరన్న మాట మీదే ఆ నిజం పుట్టింది. దాన్ని బయట పెడతామంటే మా నాన్నని మోసం చేసినట్టు కాదూ? ఇది నా వాదన. నిజం చెప్పాలంటే వాదన కాదు, భయం. ఫింటన్ ఆ గడి చదివి నా వైపు ఎలా చూస్తాడో అన్న భయం. డెబ్భై అయిదేళ్ళు వాడు నన్ను విన్నీ అనే పిలిచాడు. వాడి పెళ్ళిలో రెండో వరసలో కూర్చున్నాను. అంత్యక్రియల్లో రెండు వందల మంది నా చెయ్యి పట్టుకుని "తమ్ముడు పోయాడు, పాపం" అన్నారు. ఇంకొక్కరు తమ్ముడు అని ఉంటే అక్కడే అరిచేదాన్ని. అందుకే కారెక్కాను. ఇంటికొచ్చి, నేలమీద కూర్చుని ఏడ్చాను. అంత ఏడుపు నాలో ఉందని నాకే తెలియదు.

అభ్యంతరం వెనక్కి తీసుకోను. తీసుకుంటే ఎందుకని అడుగుతారు, చెప్పే ధైర్యం నాకు లేదు. ఈ ఉత్తరం మాత్రం నీ చేతిలో పెడుతున్నాను. ఇక నీ ఇష్టం.

విన్నీ


డబ్లిన్,
22 మార్చి

ఏమని పిలవాలో తెలియక నాలుగు కాగితాలు చింపేశాను. అలవాటు కొద్దీ అత్తా అనే మొదలుపెడుతున్నాను.

నిన్న ఓడిపోయాం. ఎనిమిది మందిలో అయిదుగురు వద్దన్నారు. మిగతా సంగతి పేపర్లలో రాదు కాబట్టి నేనే చెబుతున్నాను.

గణాంకాల ఆఫీసు తరఫున ఒక మర్యాదస్తుడు వచ్చాడు. "మాట నమ్మి నిజం రాశారండీ. ఇవాళ మాట తప్పితే రేపు ఎవరూ నిజం రాయరు" అన్నాడు. అధ్యక్షుడు కళ్ళజోడు పెట్టుకుని నీ అభ్యంతరం మొత్తం పైకి చదివాడు. చదివి నా వైపు చూశాడు.

"ఈమె బతికే ఉన్నారు, బాధపడతానంటున్నారు. కార్యదర్శిగారూ, మీ జవాబేమిటి?"

నా దగ్గర ఆరు పేజీల జవాబు ఉంది. వారం రోజులు అద్దం ముందు నిలబడి చదువుకున్నాను. నువ్వు నాకు రాసిన ఉత్తరం సంచిలో ఉంది. మాలకీ నా పక్కనే, ఎవరి పెళ్ళికో వచ్చినట్టు ఇస్త్రీ కోటు వేసుకుని కూర్చున్నాడు. నేను లేచి నిలబడి, "నా దగ్గర జవాబు లేదండీ. ఆమె చెప్పింది నిజం" అని కూర్చున్నాను. మా సంఘంవాళ్ళు నన్ను చూసిన చూపు నీకు వర్ణించలేను.

మెట్లమీద మాలకీ అడిగాడు. "ఎందుకమ్మా అలా చేశావు?"

"చెప్పలేనండీ."

"సరేలే. 2026కి నాకు నూట అయిదు. కాస్త వెన్న తగ్గించి తింటే సరిపోతుంది" అన్నాడు. నన్ను నవ్వించడానికే. బస్సులో ఇంటిదాకా ఏడుస్తూనే ఉన్నాను. నీ పేరు కాపాడటానికి ఆయన చెల్లెలి పేరు నేనే పాతిపెట్టాను. చేసింది తప్పో ఒప్పో ఇప్పటికీ తెలియడం లేదు. కార్యదర్శి పదవికి రాజీనామా ఇచ్చేశాను.

నాన్న ఫోటో తీసి చూశాను. నీ గడ్డం, నీ చెవులు. ఎన్నిసార్లు మీ ఇద్దరినీ పక్కపక్కన చూశాను, అక్కాతమ్ముళ్ళు కదా పోలికలుంటాయి అనుకున్నాను. నాకు నీ మీద కోపం లేదు. దుఃఖంగా మాత్రం ఉంది, ఆయనకి తెలియకుండా పోయినందుకు. ఈస్టర్‌కి రాను. నువ్వు వద్దన్నావని కాదు, నీ ఎదుట పడి ఏం మాట్లాడాలో తెలియక.

ఎత్నా


క్లూన్‌బెగ్,
22 ఏప్రిల్

పిచ్చి పిల్లా,

నెల రోజులు జవాబు రాయలేదని అలిగావేమో. నాకు పని పడింది.

నీ ఉత్తరం చదివి మూడు రోజులు అన్నం సహించలేదు. నిన్ను మాట్లాడనివ్వకుండా చేసింది నేను. పోస్టాఫీసులో నలభై ఏళ్ళు కూర్చుని ఎవరి ఉత్తరం వాళ్ళకి చేర్చానని గొప్పలు పోయానే, ఆ మాలకీకి రావలసింది రాకుండా ఆపింది నా చెయ్యే. ఆయనకి చెల్లెలి పేరు తెలియదు. నా కొడుక్కి తల్లి ఎవరో తెలియలేదు. ఒకడి విషయంలో చేసిన తప్పు రెండోవాడికి కూడా చెయ్యమంటావా?

కమిటీ అధ్యక్షుడికి రాశాను. "ఆ రోజు ఆ మాట తీసుకున్నవాళ్ళలో నేను బతికున్నాను. నా మట్టుకు నేను మిమ్మల్ని ఆ మాట నుంచి వదిలేస్తున్నాను. ఆ ఇంటి కాగితంలో నా కొడుకు ఉన్నాడు. నా పేరు కొట్టెయ్యకండి." కింద పూర్తి సంతకం పెట్టి, నకలు జిల్లా పేపరుకి పంపాను. పోయిన గురువారం అచ్చయింది. ఆదివారం చర్చిలో నేను వెళ్ళి కూర్చుంటే నా బెంచీలో మొదట ఎవరూ కూర్చోలేదు. తర్వాత కిరాణాకొట్టు డోరిన్ వచ్చి పక్కన చేరి, "ఇన్నేళ్ళు ఒక్కదానివే మోశావా విన్నీ?" అంది. "నువ్వేమైనా సాయం పడతానన్నావా?" అన్నాను. ఇద్దరం ప్రార్థన మధ్యలో నవ్వేశాం. కొత్త ఫాదర్ మా వైపు గుర్రుగా చూశాడు. చూడనీ, ఇప్పుడు ఊడడానికి నాకు ఏ ఉద్యోగం ఉంది?

అధ్యక్షుడు జవాబిచ్చాడు. మళ్ళీ అర్జీ పెడితే వింటాడట, అంతకుమించి మాట ఇవ్వలేదు. కాబట్టి రాజీనామా వెనక్కి తీసుకో. మాలకీ వెన్న మానెయ్యాల్సిన పనిలేదని చెప్పు.

ఇంకొక సంగతి. ఈ ఏడు మళ్ళీ జనాభా లెక్కలు. నిన్న ఒక అమ్మాయి కాగితం ఇచ్చి వెళ్ళింది. వచ్చే ఆదివారం రాత్రి ఈ ఇంట్లో ఎవరెవరు పడుకుంటే వాళ్ళందరినీ రాయాలట. "ఎవరికీ చూపించం బామ్మగారూ, నూరేళ్ళు భద్రంగా ఉంటుంది" అంది పాపం, నాకు ధైర్యం చెబుతూ. "నీకు చూడాలనుంటే ఇప్పుడే చూడమ్మా" అన్నాను.

మొదటి గడిలో నన్ను రాసుకున్నాను. రెండో గడిలో నీ పేరు రాశాను. మొదటి వ్యక్తికి ఏమవుతుంది అన్నచోట, మా నాన్నలాగే కాసేపు కలం పట్టుకుని ఆగి, మనవరాలు అని రాశాను. సిరాతోనే రాశాను, ఇక చెరపడానికి లేదు. తప్పు లెక్క ఇస్తే జరిమానా అని వెనక అచ్చువేసి ఉంది. అందుకని ఆదివారం పొద్దుకూకేలోగా వచ్చి ఇక్కడ పడుకో. పక్క మేడగదిలో వేసి ఉంచాను, మీ నాన్న పుట్టిన గది.

నీ నాయనమ్మ,
వినిఫ్రెడ్ గార్వీ